తల్లికి సోకినది బిడ్డకూ సోకుతుంది

(సోలాపూర్ తెలుగు మహిళల కోసం జరిగిన మాతా శిశు ఆరోగ్య సమావేశంలో నగరపాలిక అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. నగరపాలిక కాగితాలను మరాఠీ నుండి తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. పన్ను నోటీసు, నీటి సరఫరా ప్రకటన, టీకాల పట్టిక, ఏది వచ్చినా నా బల్ల మీదుగానే మీ ఇంటికి వస్తుంది. వైద్యులు చెప్పవలసిన విషయం మీద నన్ను మాట్లాడమనడానికి కారణం ఒక్కటే. గర్భిణులకు ఇచ్చే సూచనలను తెలుగు చేస్తున్నప్పుడు ఒక మాట దగ్గర కలం ఆగింది. ఆ మాట అర్థం కోసం వైద్యులను అడుగుతూ, పుస్తకాలు తిరగేస్తూ పోగా, సంగతి మాటతో ముగిసేది కాదని తెలిసింది.

ఇంగ్లీషులో దానిని ఎక్స్‌పోజర్ అంటారు. మనిషి చుట్టూ ఉన్న పొగ, దుమ్ము, వేడి, లోహం, రసాయనం వంటివి శరీరానికి తగిలి లోపలికి చేరడం అని భావం. మరాఠీ ప్రతిలో 'సంపర్క్' అని ఉంది. దానిని అట్లాగే సంపర్కం అని తెలుగులో రాస్తే చదివేవారు ఏ అర్థం తీసుకుంటారో ఈ సభలో వివరించనక్కరలేదు. 'బహిర్గతం కావడం' అంటే రహస్యం బయటపడినట్టుంటుంది. 'ప్రభావానికి లోనగుట' అన్నది కచేరీ భాష; అవ్వకు చదివి వినిపిస్తే ఆమె నా ముఖం వైపు చూస్తుంది.

ఇంతకూ మన ఇళ్ళలో ఒక మాట ఎప్పటినుంచో ఉంది. ఎండ సోకింది, గాలి సోకింది, జబ్బు సోకింది అంటాం. తాకడం పైపైన జరుగుతుంది. సోకడం పైన తగిలి లోపలికి దిగుతుంది. సోకించుకున్న మనిషి ఏదో చేసి ఉండాలన్న నియమం లేదు. తానున్న చోట తానుంటే చాలు, అది వచ్చి సోకుతుంది. 'గాలి సోకింది' అనే మాటకు దయ్యం పట్టిందనే అర్థం కూడా ఉన్నదని తెలుసు. ఆ దయ్యాన్ని తీసివేసి, మాటను మాత్రం ఉంచుకొని, ఈ పూట మాట్లాడుతాను.

మాట గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, మాట తప్పితే వైద్యం తప్పుతుంది. గర్భిణీ స్త్రీల వివరాలు నింపే కార్డు ఒకటి చూశాను. ఏ ఊరిది, ఏ సంస్థది అన్నది ఇక్కడ అప్రస్తుతం. అందులో ఒక ప్రశ్న: 'పొగాకు వాడుతారా?' ఇంకొకటి: 'ఏం పని చేస్తారు?' పూర్వభాగ్‌లోని మన ఆడబిడ్డను ఈ రెండూ అడిగి చూడండి. మొదటిదానికి 'నాకు ఆ అలవాటు లేదు మేడం' అంటుంది. అది నిజం. రెండవదానికి 'ఏం పని లేదు, ఇంట్లనే ఉంట' అంటుంది. అదీ ఆమె దృష్టిలో నిజమే. కార్డులో రెండు గడులలోనూ 'లేదు' అని పడుతుంది. ఆమె మాత్రం పొద్దున లేచింది మొదలు చాట ఒళ్ళో పెట్టుకొని, తడి తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, సాయంత్రానికి కార్ఖానాకు లెక్క అప్పజెప్పాలి. రోజంతా పొగాకు మధ్య కూర్చున్న మనిషి కాగితం మీద పొగాకుకు ఆమడ దూరంలో ఉంది.

'వాడుతారా' అని అడగడం మాని, 'మీ ఇంట్లో బీడీలు చుడతారా, తంబాకు ఎక్కడ పెడతారు, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది' అని అడిగితే ఇంకొక జవాబు వస్తుంది. కార్యకర్తలుగా వచ్చిన అక్కలకు నా మొదటి మనవి ఇదే. మీ కార్డులో గడి లేకపోయినా అంచున రాయండి.

ఇక గర్భం సంగతి. బిడ్డకూ తల్లికీ నడుమ ఉండే అవయవానికి మరాఠీలో 'వార్' అని, కన్నడంలో 'మాసు' అని పేరు. సంస్కృతంలో అపర. మనం మాయ అంటాం. భ్రాంతికీ ఆ అవయవానికీ ఒకే మాట ఎట్లా కుదిరిందో భాషాశాస్త్రజ్ఞులు చెప్పాలి గానీ, ఈ విషయంలో లోకం చాలాకాలం భ్రాంతిలోనే ఉండిందన్నది మాత్రం వాస్తవం. మాయ ఒక కోటగోడ అని, తల్లి ఒంటిలోని చెడును అడ్డగించి మంచిని మాత్రమే బిడ్డకు పంపుతుందని వైద్యులు సైతం నమ్మారు. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు, నిజమే. నడుమ పలుచని పొర ఉంటుంది. అయితే ప్రాణవాయువు, చక్కెర, ఇనుము దాటే దారిలోనే నికోటిన్ దాటుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ దాటుతుంది, సీసం దాటుతుంది, పాదరసం దాటుతుంది.

ఆ నమ్మకం రెండు దెబ్బలతో కూలింది. మొదటి దెబ్బ జపాన్‌లోని మినమాతా అనే సముద్రతీరపు ఊరిలో తగిలింది. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం వదిలిన మిథైల్ పాదరసం అఖాతపు నీటిలోకి, చేపలలోకి, చేపలు తిన్న జాలరుల ఒంటిలోకి చేరింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. కొన్ని ఇళ్ళలో తల్లికి పెద్దగా ఏ లక్షణమూ లేదు. పుట్టిన బిడ్డ మాత్రం మెడ నిలపలేక, మాట రాక, అవయవాలు వంకరలుపోయి ఉన్నది. తల్లి ఒంటిలోని విషాన్ని బిడ్డ మోసింది. దానిని నిరూపించడం ఎట్లా? జపాన్ కుటుంబాలకు ఒక ఆచారం ఉంది. బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. హరడ మసజుమి అనే వైద్యుడు, మరికొందరు పరిశోధకులు ఏళ్ళ తర్వాత ఆ ఎండిన బొడ్డుతాళ్ళను సేకరించి పరీక్షిస్తే పాదరసం వాటిలోనే ఉంది. బొడ్డుపేగును తాయెత్తులో కట్టే ఆచారం మనకూ ఉంది కదా. బిడ్డకు రక్ష అనుకొని దాచినది చివరకు బిడ్డ తరఫున సాక్ష్యం చెప్పింది.

రెండవది థాలిడోమైడ్ అనే మందు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. నిద్రకు, గర్భిణుల వేవిళ్ళకు సురక్షితమైన మాత్ర అని ప్రచారం చేశారు. 1961 చివరలో అక్కడ మార్కెట్టు నుండి ఉపసంహరించుకున్నారు. అనేక దేశాలలో కలిపి పదివేలకు మించిన పిల్లలు చేతులు కాళ్ళు సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఇందులో మనం గమనించవలసినది కాలం. గర్భం నిలిచిన తర్వాత సుమారు 20వ రోజు నుండి 36వ రోజు లోపల ఆ మాత్ర వేసుకున్నవారి పిల్లలకే ఆ కీడు జరిగింది. బిడ్డ గుండె, వెన్ను, చేతులు, కాళ్ళు రూపుకట్టే పని మూడవ వారం నుండి ఎనిమిదవ వారం లోపల జరిగిపోతుంది. 'నీళ్ళోసుకున్నది' అని అత్తగారు గుర్తుపట్టే సరికి ఆ పనిలో సగం అయిపోయి ఉంటుంది. అందువల్ల జాగ్రత్తలను సీమంతం నాడు చెబితే ఆలస్యం. కొత్త కోడలు ఇంటికి వచ్చిన నాడే చెప్పవలసిన మాటలివి.

ఎనిమిదవ వారం దాటితే భయం లేదని కాదు. ఆపైన బిడ్డ బరువు పెరగాలి, ఊపిరితిత్తులు, మెదడు ముదరాలి. సోకినది రూపాన్ని చెరపకపోయినా ఎదుగుదలను తగ్గిస్తుంది. 37 వారాలు నిండకముందు పుట్టినా, 2,500 గ్రాములకు తక్కువగా పుట్టినా ఆ బిడ్డకు చలి, అంటురోగం, ఊపిరి ఇబ్బంది మిగతావారికంటే తొందరగా వస్తాయి.

ఈ గ్రాముల లెక్క మన రాష్ట్రంలోనే ఒకటి జరిగింది. పళ్ళకు మషేరీ రుద్దుకునే అలవాటు మీ అందరికీ తెలుసు. పొగాకును కాల్చి నల్లగా పొడి చేసినది. 'ఇది పొగ తాగడం కాదు కదా, పళ్ళపొడే కదా' అని దానిని అలవాటు కింద లెక్కించనివారు ఎందరో. ముంబైలో 1,217 మంది గర్భిణులను వెంట ఉండి పరిశీలించిన అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. మషేరీ వంటి పొగలేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు, వాడనివారి బిడ్డలకంటే సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. నెలలు నిండకముందే పుట్టడమూ వారిలో ఎక్కువ. 105 గ్రాములంటే రెండు కోడిగుడ్ల బరువు. మూడు కిలోల బిడ్డకు అది లెక్కలోకి రాకపోవచ్చు. రెండువేల ఆరువందల దగ్గర ఉన్న బిడ్డను మాత్రం ఆ రెండు గుడ్లే గీత కిందికి దించుతాయి. మన వాడలలో గీత పక్కన పుట్టే బిడ్డలే ఎక్కువ అని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ అధ్యయనం నోటి అలవాటు గురించి. బీడీ చుట్టడం గురించి కాదు. ఈ తేడాను దాచి మిమ్మల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. చుట్టేవారి ఒంటిలోకి వెళ్ళే మోతాదు వేరు, దారి వేరు. అయితే ఆ దారి ఉన్నదన్న విషయంలో సందేహం లేదు. నికోటిన్ చర్మం గుండా ఇంకుతుంది. పచ్చి పొగాకు కోసే కూలీలకు వాంతులు, తలతిప్పు రావడం దీనివల్లనే. దానికి వైద్యంలో ప్రత్యేకంగా పేరే ఉంది. తడి చేతికి ఇంకా త్వరగా ఇంకుతుంది. తునికాకును నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఆ తడి ఆకునే వేళ్ళతో మడుస్తాం కనుక, మన చేతులు పొడిగా ఉండే వేళ తక్కువ. దీనికి తోడు తంబాకు జల్లించేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకి పోతుంది. నికోటిన్ ఒంటిలో మారి కొటినిన్ అనే పదార్థమై మూత్రంలో బయటికి వస్తుంది. పొగాకు ఏనాడూ నోట పెట్టని బీడీ కార్మికుల మూత్రంలో దానిని మన దేశపు పరిశోధకులే కనుగొన్నారు.

లోపలికి వెళ్ళిన నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. మాయకు వెళ్ళే నాళాలూ బిగుస్తాయి. పైపు మడతపడితే నల్లా ధార సన్నబడినట్టు బిడ్డకు చేరే ప్రాణవాయువు, పోషకం తగ్గుతాయి. నీళ్ళు వంతుల మీద వచ్చే ఊరివాళ్ళం. ధార సన్నబడితే బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో మనకు వేరే చెప్పాలా? బిడ్డ బిందె నిండకుండానే నెలలు గడుస్తాయి.

మరి చుట్టడం మానేయమంటారా అని అడుగుతారు. మానగలిగితే గర్భం నాటి నుండి మానడమే మేలు. కానీ వెయ్యి బీడీల కూలి మీద ఆ పూట జొన్నరొట్టె ఆధారపడిన ఇంట్లో ఆ సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ కూలి పోయి, తల్లి తిండి తగ్గితే బిడ్డ బరువు అందువల్లా తగ్గుతుంది. కనుక మానలేనివారికి చెప్పవలసినది వేరుగా ఉంది. తంబాకు జల్లించే పని, బస్తా విప్పే పని గర్భిణి చేయకూడదు. ఇంట్లో మగవారున్నారు, వారు చేయాలి, అదీ వాకిట్లో. పడుకునే గదిలో తంబాకు నిలవ ఉంచకూడదు. ఒకే గది ఉన్న ఇంట్లో ఇది కష్టమని తెలుసు. మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టి, పడక తలవైపు కాక గుమ్మం వైపు ఉంచడం ఒక్క గదిలోనూ సాధ్యమే. గంట గంటకూ సబ్బుతో చేతులు కడగాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. చుట్టేటప్పుడు వేరే చీర లేదా పాత చొక్కా పైన వేసుకొని, లేచినప్పుడు దానిని గుమ్మం దగ్గరే వదలాలి. చేయి కడగకుండా తినడం అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే చర్మం నుండి వెళ్ళేది సరిపోనట్టు నోటి నుండి కూడా వెళుతుంది.

కార్ఖానా యజమానులకు, టేకేదార్లకు ఇందులో పని లేదా? ఉంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చుట్టేవారినీ కార్మికులుగానే గుర్తించింది. ప్రసూతి ప్రయోజనాన్ని వారికీ వర్తింపజేసింది. 'ఇంట్లనే ఉంట, ఏం పని లేదు' అనే మాట ఇక్కడ కూడా మన నోటినే కొడుతుంది. పని లేదన్న మనిషికి ప్రసూతి సెలవు ఎవరిస్తారు? చుట్టిన లెక్క మీ పేరు మీదనే పుస్తకంలో పడాలి. గర్భం వచ్చింది కదా అని అత్త పేరుకో, ఆడబిడ్డ పేరుకో లెక్క మార్చకండి.

పొగ గురించి కొంచెం చెబుతాను. వంట చాలా ఇళ్ళలో గ్యాసు మీదికి వచ్చింది. కానీ స్నానానికి నీళ్ళు కాచే బంబు సంగతేమిటి? అందులో కట్టెతో పాటు పవర్‌లూమ్ నుండి వచ్చే పీలికలు, ప్లాస్టిక్ సంచులు, తెగిన చెప్పులు కాలుస్తారు. కట్టెపొగలోనే వెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతు ఉండే సన్నని నుసి ఉంటుంది. అది ఊపిరితిత్తి అడుగుకు పోయి రక్తంలో కలవగలదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. బిడ్డ రక్తం దానిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్ కాలితే వచ్చే వాయువులు వీటికి అదనం.

పొయ్యి మారిస్తే అంతా బాగవుతుందా అంటే, ఇక్కడ ఒక నిజం చెప్పాలి. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలో 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి గ్యాసు పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వారికి సోకే నుసి బాగా తగ్గింది. కానీ 2022లో ఫలితం వెలువడితే, రెండు వర్గాల బిడ్డల బరువులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గ్యాసు వ్యర్థమని కొందరు దీనిని వ్యాఖ్యానిస్తారు. నాకు అట్లా అనిపించదు. పొయ్యి వచ్చింది గర్భం నిలిచి కొన్ని వారాలు గడిచిన తర్వాత. పొరుగింటి పొగ, వీధి పొగ ఎప్పటిలాగే ఉన్నాయి. తల్లి ఒక్కతె తన వంటింట్లో ఏం మార్చుకున్నా, వాడ గాలి వాడదే. మన దేశపు ప్రమాణం ప్రకారం గాలిలో ఆ సన్న నుసి సంవత్సర సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని 5 అన్నది. చెత్త కుప్పకు నిప్పు పెట్టడాన్ని ఆపవలసినది గర్భిణి కాదు. అది మా నగరపాలిక పని, మీ వీధి పెద్దల పని. ఎవరైనా కాలుస్తుంటే వార్డు కచేరీకి చెప్పండి. ఫిర్యాదు తెలుగులో రాసినా తీసుకోవాలి, దానిని మరాఠీలోకి మార్చడానికి నేనున్నాను.

వేడి సంగతి సోలాపూర్‌లో ఎవరికి చెప్పాలి! ఏప్రిల్, మే నెలలలో నలభై దాటడం మామూలు. రేకుల కప్పు కింద, గాలికి తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను కూడా ఆపి కూర్చునే గదిలో ఎంత ఉంటుందో ఊహించండి. తమిళనాడులో 800 మంది గర్భిణులను పరిశీలించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో, తీవ్రమైన వేడిలో పనిచేసినవారికి గర్భస్రావం, మృతశిశు జననం ముప్పు రెట్టింపుగా కనిపించింది. గర్భిణి ఒంటికి తనదీ బిడ్డదీ రెండు వేడిమిలు చల్లార్చుకునే పని ఉంటుంది. చెమట పట్టి నీళ్ళు తగ్గితే మాయకు వెళ్ళే రక్తమూ తగ్గుతుంది. కాబట్టి ఆ రెండు నెలలు పన్నెండు నుండి నాలుగు దాకా చాట ముట్టకుండా, తెల్లవారుజామున, సాయంత్రం చుట్టుకోండి. నీళ్ళు, మజ్జిగ దాహం వేయకముందే తాగండి. తల తిరిగినా, మూత్రం చిక్కగా వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా మరునాటి దాకా ఆగవద్దు. ఇంటివారు రేకుల మీద తెల్లసున్నం కొడితే లోపల కొంత చల్లబడుతుంది. ఖర్చు కూడా పెద్దది కాదు.

సీసం గురించి రెండే మాటలు. అది తల్లి ఎముకలలో ఏళ్ళ తరబడి దాగి ఉండి, బిడ్డ ఎముకలకు సున్నం కావలసినప్పుడు సున్నంతో పాటు బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది. చిన్నప్పుడు సోకినది తల్లి అయ్యాక బిడ్డకు అందుతుందన్నమాట. పెట్రోలులో సీసం 2000 నాటికి మన దేశంలో ఆగింది. రంగులలో 2017 నుండి పరిమితి ఉంది. పాత గోడల రంగు గీకే పని, పాత బ్యాటరీలు విప్పే పని గర్భిణి ఉన్న ఇంట్లో పెట్టుకోవద్దు. కంటికి కొట్టొచ్చినట్టు పసుపుపచ్చగా మెరిసే పసుపు కొమ్ములను అనుమానించండి. ఆ మెరుపు కోసం సీసం కలిసిన రంగు పూయడం బయటపడింది. రాగి, పాలు, నువ్వులు తింటే ఒంటికి సున్నం అందుతుంది. సున్నం చాలినంత ఉన్న ఒళ్ళు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటుంది.

ఇక పురిటిగది. బాలింతకు గాలి సోకకూడదని తలుపులు కిటికీలు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, వాము, సాంబ్రాణి వేసి పొగ వేయడం ఇక్కడి మరాఠీ ఇళ్ళలోనూ ఉంది, మన ఇళ్ళలోనూ ఉంది. వెచ్చదనం కావలసిందే, పసిబిడ్డ చలికి తట్టుకోలేదు. కానీ మూసిన గదిలో బొగ్గు కుంపటి పెడితే వాసన లేని, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. బయటి గాలి సోకుతుందని తలుపు వేసి, లోపల అంతకంటే చెడ్డ గాలిని బిడ్డకు సోకిస్తున్నాం. పెద్దవారు నిమిషానికి పన్నెండు నుండి ఇరవై సార్లు ఊపిరి తీస్తే, పసిబిడ్డ నలభై నుండి అరవై సార్లు తీస్తుంది. గదిలో ఉన్నదానిలో దాని బరువుకు మించిన వాటా దానికే పోతుంది. వెచ్చదనానికి తల్లి ఒంటికంటే మంచి కుంపటి లేదు. బిడ్డను బట్ట లేకుండా తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పడం తక్కువ బరువు బిడ్డలకు వైద్యులే చెప్పే చికిత్స. దుప్పటికి మన ఊరిలో కొరత లేదు. సోలాపురి చద్దర్ ఒకటి చాలు. సాంబ్రాణి మానలేని అవ్వలు ఉంటే, బిడ్డను అవతలి గదికి తీసుకుపోయి, వేసి, పొగ పోయాక తీసుకురండి.

ఉయ్యాల ఎక్కడ కట్టారో చూసుకోండి. బిడ్డను కనిపెట్టుకుంటూ పని చేయవచ్చని చాట పక్కనే జోలె కట్టడం చూస్తాను. తల్లి మనసు అర్థమవుతుంది, కానీ దుమ్ము ముందుగా ఆ జోలెలో పడుతుంది. గది ఆ చివర కట్టండి, లేదా వాకిటి వైపు. పాలిచ్చే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, పైబట్ట మార్చుకోండి. నికోటిన్ పాలలోకి వస్తుంది కదా, పాలు మానేయాలా అని ఒక చెల్లెలు నన్ను అడిగింది. నేను వైద్యాధికారిని అడిగి తెలుసుకున్న జవాబు: మానవద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. చేయి కడగని తల్లి పాలైనా డబ్బాపాలకంటే మేలే. చేయి కడిగితే ఇంకా మేలు. డబ్బాపాలు కలిపే బోరునీళ్ళలో నైట్రేటు ఎక్కువైతే పసిబిడ్డ రక్తం ప్రాణవాయువు మోయలేక ఒళ్ళు నీలమవుతుందని కూడా ఆయన చెప్పారు.

చివరగా కాటుక. ఇంట్లో ఆముదపు దీపం మీద పట్టినదైనా బిడ్డ కంట్లో పెట్టవద్దు, కంటికి అంటువ్యాధి వస్తుంది. బజారు సుర్మాలో సీసపు ఖనిజమే ఉండవచ్చు. బిడ్డ కన్ను నులుముకుని ఆ చేయి నోట్లో పెట్టుకుంటుంది. దిష్టి తగలకూడదని పెద్దవారు పట్టుబడితే ఇంట్లో పట్టిన కాటుకతోనే అరికాలికి ఒక చుక్క పెట్టి, పైన సాక్సు తొడగండి.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. దగ్గరి కేంద్రం ఏదో ఆశా అక్కలు గుమ్మం దగ్గర చెబుతారు. మీ ప్రశ్నలకు ఇప్పుడు డాక్టరమ్మ జవాబు చెబుతారు. ఆమె మరాఠీలో చెప్పేది నేను తెలుగులో వినిపిస్తాను.